బ్రేకు డబ్బాకు తగిన చోటు



తెలుగు పండితుడికి బ్రేకులతో పనియేమని మీలో కొందరు నవ్వుకోవచ్చును. ముప్పది యేండ్లకు పైగా సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్నవాడిని. కాని ఏడాది కాలంగా బోయిన్‌పల్లిలోని మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో ఒక చిన్న స్పోర్ట్స్ కారు రూపు దిద్దుకొంటున్నది. కడుతున్నవాడు మా మేనకోడలి కొడుకు, ఇంజనీరింగు మూడవ సంవత్సరం విద్యార్థి. చదువు నిమిత్తం మా ఇంటనే ఉంటున్నాడు.

వాడు కడుతున్న బండికి మూలం 1957లో ఇంగ్లండులో కోలిన్ చాప్‌మన్ రూపొందించిన లోటస్ సెవెన్. ఇనుప గొట్టాల చట్రం, పొడవాటి ముక్కు, తలుపులు లేని రెండు సీట్లు. దానిని విడిభాగాలుగా కూడా అమ్మేవారు. కొన్నవారు ఇంటి దగ్గరే బిగించుకొనేవారు. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన, తక్కువ ఖర్చుతో అటువంటి కారును ఎవరికి వారే కట్టుకొనే విధానాన్ని పుస్తకంగా వ్రాసిన తరువాత, ఆ వ్యసనం దేశదేశాలకు ప్రాకింది. మన నగరానికీ ఇటువంటి చేతికష్టం కొత్త కాదు. బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో వంకాయ ఆకారంలోనూ, కెమెరా ఆకారంలోనూ కట్టిన కార్లను చాలామంది చూచియే యుందురు.

ఇంటిలో కట్టిన కారును మన రహదారులపై నడపడానికి వీలులేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళి ప్రకారం కొత్త నమూనా ఏదైనను గుర్తింపు పొందిన పరీక్షా సంస్థల చేత నెగ్గవలసిందే. మావాడి ఆశ కోయంబత్తూరులోని కారి మోటార్ స్పీడ్‌వే వంటి పందెపు బాటపై నాలుగు చుట్లు తిరగడం వరకే. అయినా తల్లి మనసు తల్లి మనసే కదా! మా మేనకోడలు ఫోనులో ఒకే మాట అన్నది: "మామయ్యా, వాడు చెప్పేది నాకు అర్థం కాదు. నువ్వు సరేనంటేనే వాడు ఆ బండి ఎక్కాలి."

ఆ మాట నా నెత్తిన పడింది గనుకనే ఈ వయసులో బ్రేకుల శాస్త్రం నేర్వవలసి వచ్చింది.

పండితుణ్ణి గనుక ముందు పేరు దగ్గరే ఆగిపోయాను. మన మెకానిక్కులందరూ దానిని 'బ్రేక్ ఆయిల్' అంటారు. అది నూనె కాదు. సాధారణంగా వాడే డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్ జాతి ద్రవాలు. పేరు నమ్మి అందులో ఇంజను ఆయిలు పోస్తే లోపలి రబ్బరు కప్పులు ఉబ్బిపోయి, బ్రేకులు పట్టుకొనిపోవడమో, బొత్తిగా పనిచేయకపోవడమో జరుగుతుంది. శబ్దదోషం వల్ల కావ్యం చెడుతుందని పిల్లలకు చెప్పేవాడిని. ప్రాణం పోయే శబ్దదోషం కూడా ఉన్నదని ఇప్పుడు తెలిసింది.

ఈ ద్రవానికి మరొక గుణం, గాలిలోని తేమను పీల్చుకోవడం. కొత్త డాట్ 4 ద్రవం 230 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరగకూడదని ప్రమాణం. నూటికి నాలుగు పాళ్లకు కొంచెం తక్కువగా నీరు చేరితే ఆ హద్దు 155కు దిగిపోతుంది. వేగంగా పోతున్న బండిని పదే పదే ఆపితే పుట్టే వేడికి నీరుపట్టిన ద్రవం మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. ద్రవం నొక్కుడుకు లొంగదు, ఆవిరి లొంగుతుంది. కాలితో నొక్కిన బలమంతా బుడగలను అణచడానికే సరిపోయి, పెడలు నేలకు దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు.

ఒకచోట నొక్కిన ఒత్తిడి ద్రవమంతటా సమంగా పాకుతుందన్న పాస్కల్ సూత్రం 1663లోనే అచ్చయింది. దానిని కారు చక్రాలకు కట్టే ఉపాయానికి మాల్కం లాక్‌హీడ్ 1917లో పేటెంటు పొందాడు. నాలుగు చక్రాలకూ అటువంటి బ్రేకులతో డ్యూసెన్‌బర్గ్ కారు 1921లో వచ్చింది. ఈ ఏర్పాటంతటికీ కావలసిన ద్రవాన్ని నిలువ ఉంచేది చిన్న ప్లాస్టిక్ డబ్బా. మావాడి కారుకు అవి రెండు, ముందు చక్రాలకు ఒకటి, వెనుక చక్రాలకు ఒకటి. ఒక దారి తెగినా రెండవది ఆపాలన్నది అందులోని యుక్తి.

తగవంతా ఆ రెండు డబ్బాలను ఎక్కడ పెట్టాలన్న దగ్గర వచ్చింది. బానెట్టు తగ్గుగా ఉండాలని మావాడు పెడళ్లను నేలకు బిగించాడు. వాటితో మాస్టర్ సిలిండర్లూ కిందికి దిగాయి. డబ్బాలను వాటి పక్కనే, రేకు మూత కింద దాచాలని వాడి సంకల్పం.

పక్క వీధి గ్యారేజీ ఉస్తాదు చూచి తల అడ్డంగా ఊపాడు. "డబ్బా కింద పెడితే చక్రాల కాడి ఆయిల్ మెల్లగ ఎన్కకు జారతది సార్. పొద్దున తొక్కితే పెడల్ సగం దాకా పోతది."

నిజానిజాలు తేల్చడానికి మేస్త్రీలు గోడమట్టం చూచే పారదర్శకపు నీళ్ల గొట్టం తెప్పించాను. ఒక కొన ముందు చక్రం కాలిపర్ దగ్గర, మరొక కొన డబ్బా దగ్గర పట్టి చూశాము. డబ్బా నాలుగు అంగుళాలు దిగువన ఉన్నది. నీరు పక్షపాతం ఎరుగదు గదా!

మావాడు ఓడిపోలేదు. "తాతయ్యా, దీనికి మందు ఉంది. గొట్టంలో చిన్న వాల్వు పెడితే డిస్కు బ్రేకులకు రెండు పౌండ్ల ఒత్తిడి నిలిచి ఉంటుంది, ద్రవం వెనక్కి రాదు" అన్నాడు. ఉస్తాదు కూడా అది నిజమేనన్నాడు.

అప్పుడు నేనొక ప్రశ్న వేశాను. "నాయనా, డబ్బాలో ద్రవం ఎంత ఉన్నదో చూడాలంటే ఏమి చేయాలి?"

"మూత తీయాలి తాతయ్యా. ఎనిమిది స్క్రూలు."

ఎనిమిది స్క్రూలు విప్పి ప్రతిసారీ చూచే మనిషిని నేను ఇంతవరకు ఎరుగను. శబ్దరత్నాకరం బల్లమీద ఉంటే రోజుకు నాలుగుసార్లు తిరగవేస్తాము. బీరువాలో పెట్టి తాళం వేస్తే, తెలిసిన మాటేలే అని ఊరుకొంటాము. బద్ధకం మనుష్యనైజం. చూడడం సులువుగా ఉన్నదానినే మనం చూస్తాము. ఆ డబ్బాలోని మట్టం ఊరకే తగ్గదు. బ్రేకు ప్యాడ్లు అరిగినకొద్దీ మెల్లగా తగ్గుతుంది. ఎక్కడో కారితే త్వరగా తగ్గుతుంది. రెండూ మనిషికి ముందుగా అందే హెచ్చరికలు. వాల్వు ద్రవాన్ని నిలుపగలదు గాని, ఈ కబురు మోసుకొని రాలేదు.

వాడు రెండు రోజులు ముభావంగా తిరిగాడు. మూడవనాడు తానే డబ్బాలను ఇంజను వెనుక అడ్డుగోడకు, కాలిపర్లకంటె ఎత్తున బిగించాడు. పొగగొట్టం లేని వైపు ఎంచుకొన్నాడు, ఏలనన ఈ ద్రవం కాగిన ఇనుముపై పడితే అంటుకొనగలదు. రబ్బరు గొట్టాన్ని ఎక్కడా మిట్టపల్లాలు లేకుండా వాలుగా దించాడు; గాలిబుడగ పుట్టినా దానంతటదే పైకి పోవాలని. మలుపులలో ద్రవం ఒక పక్కకు ఒరిగినా అడుగు రంధ్రం మునిగియే ఉండేటట్లు వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ ఉన్న డబ్బాలు తెచ్చాడు. బానెట్టుకు మాత్రం చిన్న ఉబ్బు తప్పలేదు.

ఎయిరు తీసేనాడు పెడలు తొక్కే ఉద్యోగం నాది. "తొక్కండి, పట్టండి, వదలండి" అని చక్రం దగ్గరనుండి వాడి కేకలు. ముప్పది యేండ్లు పిల్లలచేత పద్యాలు వల్లె వేయించిన నాకు ఆ తాళం కష్టమనిపించలేదు. సీసాలోకి బుడగలు రావడం మానినప్పుడు పెడలు రాయిలా గట్టిపడింది. తరువాత వారం రోజులు పొద్దున్నే కాఫీ గ్లాసుతో వెళ్లి చూశాను. ద్రవం గరిష్ఠ రేఖ వద్దనే నిలిచి ఉన్నది.

మీలో కారున్నవారు ఒకసారి బానెట్టు ఎత్తి ఆ డబ్బా చూడండి. మట్టం తగ్గితే నింపి ఊరుకోకండి; ముందు ప్యాడ్లు, తరువాత కారుళ్లు చూపించండి. రంగు నల్లబడితే మార్పించండి.

మా మేనకోడలికి ఫోను చేసి చెప్పాను: "అమ్మా, ఏ బ్రేకుకూ నేను హామీ ఉండలేను. కాని బండి ఎక్కేముందు వాడి చూపు ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. సరేనంటున్నాను."

కాసేపు ఏమీ పలుకలేదు. తరువాత, "కోయంబత్తూరుకు నువ్వూ వెళ్తున్నావా మామయ్యా?" అని అడిగింది.

వెళ్తున్నానని చెప్పాను.