స్కూకిల్ ఒడ్డు నుంచి రెజిమెంటల్ బజార్‌కు

కాన్షోహాకెన్, పెన్సిల్వేనియా

తమ్ముడూ,

అమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లా ఉందో రాయి.

అమ్మాయి ఇంటి నుంచి కిందికి దిగితే స్కూకిల్ నది. ఒడ్డు వెంట తారు పోసిన బాట. కార్లు రావు, మోటారు సైకిళ్ళు రావు. నడిచేవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు, చక్రాల కుర్చీలో తాతను తోసుకొచ్చే మనవలు. సాయంత్రమైతే మన తెలుగు మాటలు కూడా చెవిన పడతాయి.

కాసేపు నడిచేసరికే నా కాళ్ళు పసిగట్టాయి, ఎక్కడా గట్టి ఎత్తు లేదు, గబుక్కున తిరిగే మలుపు లేదు. రైలు కట్టయితేనే ఇట్లా ఉంటుంది. అడిగితే అదే నిజమైంది. 1880లలో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ వేసిన బ్రాంచి లైను ఇది. బండ్లు ఆగిపోయాక పట్టాలు తీసేశారు గానీ కట్టను పోనివ్వలేదు, బాటగా మార్చారు. ఒకప్పటి రీడింగ్ కంపెనీ లైను మాత్రం పక్కనే బతికి ఉంది, దాని మీద నారిస్‌టౌన్ లోకల్ నడుస్తోంది. ఎంత దూరమైనా నడిచి, అలసిపోతే స్టేషన్‌లో బండెక్కి ఇంటికి రావచ్చు.

గ్యాంగ్‌మన్లతో కలిసి పట్టాల వెంట బతికినవాణ్ణి. మట్టి తవ్వి, పోసి, దిమ్మిస కొట్టి, వంపు లెక్కగట్టి ఒక కట్ట నిలబెట్టడానికి ఎంత చాకిరీ పడుతుందో నాకు తెలుసు. పనికిరాదని ముక్కలు ముక్కలుగా అమ్మేస్తే ఆ వరస మళ్ళీ కుదరదు. ఎప్పుడో మట్టి మోసినవాళ్ళ కష్టం మీద ఈ రోజు ముసలివాళ్ళు ఆయాసం లేకుండా నడుస్తున్నారు. నాకు చాలా తృప్తిగా ఉంది.

ఫిలడెల్ఫియా

తమ్ముడూ,

విడతలు విడతలుగా నడిచి ఊళ్ళోకి చేరాను. దారిలో మానయంక్ దగ్గర పాత మిల్లులు, వాటి పక్కన పంటకాలువంత పడవల కాలువ. అక్కడ ఎక్కువసేపు ఆగలేదు. ఆగింది ఫెయిర్‌మౌంట్ వాటర్‌వర్క్స్ దగ్గర. 1815లో ఇక్కడ ఆవిరి యంత్రాలు పెట్టి నది నీళ్ళు పక్క గుట్ట మీదికి తోడారు, తర్వాత నది బలంతోనే తిరిగే చక్రాలు పెట్టారు. 1909 దాకా పనిచేసిందట. ఎగువన మిల్లులు లేస్తే తాగే నీళ్ళు పాడవుతాయని 1844 నుంచి నగరమే ఒడ్డు భూములు కొంటూ వచ్చింది. ఇప్పుడు బాట సాగే పార్కులో పెద్ద భాగం అట్లా వచ్చిందే. భూములు కొన్నంత మాత్రాన కాలుష్యం ఆగలేదు, టైఫాయిడ్ వచ్చింది, చివరికి వడపోత పెట్టక తప్పలేదు. కానీ ఒడ్డు మాత్రం జనానికి మిగిలింది.

మనకూ ఆ ముందుచూపు లేకపోలేదు. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్యగారి సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. వరదను ఆపడానికి కట్టిన చెరువులే ఊరికి మంచినీళ్ళిచ్చాయి. వాటి చుట్టూ పది కిలోమీటర్ల దాకా 1996లో 111 జీవో కట్టడాలపై ఆంక్షలతో కాపలా పెట్టింది. 2022లో ఆ ఆంక్షలు తీసేస్తూ ఇంకో జీవో వచ్చింది. అది నాకు మింగుడుపడదు.

లోకస్ట్ స్ట్రీట్ దగ్గర బాటలోకి రావాలంటే లెవెల్ క్రాసింగ్ దాటాలి. గేటు పడింది. గూడ్స్ నింపాదిగా పోతోంది. పరుగు పందెం బట్టల్లో ఉన్న ఒక పిల్ల ఆగకుండా నిలబడ్డచోటే పరుగెడుతోంది, నేను మాత్రం ఇరుసు పెట్టెల చప్పుడు వింటూ నిలబడ్డాను. అక్కడి నుంచి దిగువకు పట్టాలకూ నదికీ మధ్య జాగా లేదు. లైను జరపడం కుదరదు కనుక నీళ్ళలోనే స్తంభాలు దింపి సౌత్ స్ట్రీట్ వంతెన దాకా రెండు వేల అడుగుల కాంక్రీట్ బాట వేశారు, 2014లో తెరిచారు. రైలునూ పోనిచ్చి మనిషినీ పోనిచ్చారు.

2021 సెప్టెంబరులో ఐడా తుఫానుకు ఈ నది పొంగి పక్కనున్న వైన్ స్ట్రీట్ హైవే నిండా నీళ్ళు నిలిచాయి. ఒడ్డు బాటా మునిగింది. బాట మునిగితే బురద కడిగి మళ్ళీ తెరుస్తారు. ఇళ్ళు మునిగితే అట్లా కాదు. నది పొంగే చోటును నడకకు వదలడంలో ఉన్న తెలివి అదే. అలాగని మూసీ ఒడ్డున తరాలుగా ఉన్నవాళ్ళను గెంటేసి వేసే బాట నాకొద్దు. వాళ్ళకు ఇళ్ళు చూపించాకే పార చేతపట్టాలి.

వ్యాలీ ఫోర్జ్

తమ్ముడూ,

1777–78 చలికాలంలో వాషింగ్టన్ సైన్యం మకాం వేసిన చోటు దాకా వచ్చాం. ఇక్కడికి కొంచెం ఎగువన ఓక్స్ దగ్గర పెర్కియోమెన్ బాట చీలి ఉత్తరానికి పోతుంది. స్కూకిల్ బాటను నది పుట్టే బొగ్గుగనుల సీమ దాకా, మొత్తం నూట ఇరవై మైళ్ళు పొడిగించాలని ఇక్కడివాళ్ళ పట్టుదల. సగానికి పైగా అయింది. మెయిన్ రాష్ట్రం నుంచి ఫ్లోరిడా దాకా సుమారు 4,800 కిలోమీటర్ల ఈస్ట్ కోస్ట్ గ్రీన్‌వే ఫిలడెల్ఫియాలో ఈ ఒడ్డునే పోతుంది. సైకిళ్ళకు సంచులు కట్టుకుని పోతున్న భార్యాభర్తలు కనిపించారు. పిల్లలతో ఐస్‌క్రీమ్ తింటున్నవాళ్ళ పక్కనుంచే వాళ్ళ దూరప్రయాణం సాగుతోంది.

మన నెక్లెస్ రోడ్డు సంజీవయ్య పార్కు దాకా పోతుంది గానీ హుస్సేన్‌సాగర్ దాటి పోదు. మూసీ అయితే అనంతగిరిలో పుట్టి వాడపల్లిలో కృష్ణలో కలుస్తుంది. దాని వెంట గండిపేట నుంచి నాగోలు దాకా అయినా బాట ఉంటే ఎంత బాగుండు!

ఒక పని చెయ్యి. ఈ ఆదివారం పొద్దున్నే మోండా మార్కెట్ కూరలు మరదలికి ఇచ్చేసి నయాపూల్ వెళ్ళు. ఒడ్డుకు దిగే దారి ఎక్కడుందో చూడు. చాదర్‌ఘాట్ వైపు ఎంత దూరం నడవగలవో నడిచి, ఎక్కడెక్కడ గోడ అడ్డొచ్చిందో, ఎక్కడ మోరీ కలుస్తోందో కాగితం మీద గీసి పంపు. నేను వచ్చాక ఇద్దరం కలిసి మిగతాది చూద్దాం.

నీ అన్నయ్య