నలభై మంది ఉంటే చాలు

1688లో ఈస్టిండియా కంపెనీవాళ్లు లండన్‌లో ఆర్మేనియన్ వర్తకులతో ఒక ఒప్పందం రాసుకున్నారు. అందులో ఒక షరతు నాకు బాగా నచ్చింది. కంపెనీ ఊళ్లల్లో ఎక్కడైనా నలభై మంది, అంతకు మించి ఆర్మేనియన్లు కాపురం ఉంటే, వాళ్ల చర్చికి కంపెనీయే స్థలం ఇవ్వాలి. మొదట కలపతో చర్చి కట్టించాలి. ఏడేళ్ల పాటు ఫాదరుకు ఏడాదికి 50 పౌన్లు జీతం కూడా ఇవ్వాలి. అంటే ఊరు కాని ఊళ్లో ఒక భాషవాళ్లు నిలబడాలంటే ఎంతమంది కావాలో ఆ రోజుల్లోనే లెక్క కట్టారన్నమాట.

ఆ ఆర్మేనియన్ల చర్చి మన చెన్నైలోనే, ప్యారిస్ కార్నర్ దగ్గర ఆర్మేనియన్ వీధిలో ఉంది. ఆ వీధిని తమిళంలో అరణ్మనైక్కారన్ వీధి అనేవాళ్లు. అరణ్మనై అంటే రాజభవనం. అక్కడ భవనమూ లేదు, రాజూ లేడు. ఆర్మేనియన్ అనే మాట నోరు తిరగక అట్లా మారిపోయింది. మనుషులు పోయాక పేరు కూడా ఇంకో పేరయిపోతుంది.

మా నాన్న అక్కడికి దగ్గర్లోనే ఆండర్సన్ వీధిలో శుభలేఖలు అచ్చు వేసే కొట్లో పని చేస్తారు. అర్ధపరీక్షల సెలవుల్లో నన్ను తీసుకెళ్లి ఆ చర్చి చూపించారు.

వీధిలోంచి చూస్తే తెల్లటి గోడ, పెద్ద చెక్క తలుపు, పైన 1712 అని అంకె. అది మొదటి చర్చి కట్టిన సంవత్సరం. ఆ మొదటిది ఇక్కడ కాదు, ఇప్పుడు హైకోర్టు ఉన్న వైపు ఉండేదట. ఇప్పుడున్నది 1772లో కట్టింది. ఆగా షామీర్ అనే వర్తకుడు తన కుటుంబానికి చెందిన స్థలం ఇచ్చాడు. గోడలు లావుగా, సున్నం పూతతో ఉన్నాయి. లోపల ఆల్టరు నేల కంటే ఎత్తులో, మెట్లు ఎక్కి చేరే అరుగు మీద ఉంటుంది. ఆర్మేనియన్ చర్చిలన్నిటికీ అదే పద్ధతి. గంటల గోపురం మాత్రం చర్చికి అతుక్కోకుండా పక్కన విడిగా నిలబడి ఉంది. అందులో ఆరు గంటలు, ఒక్కోటి దాదాపు 150 కిలోలు. కొన్నిటి మీద లండన్‌లో పోత పోసిన థామస్ మేర్స్ పేరు ఉంది.

నడిచే దారి పొడుగునా సమాధి రాళ్లే. సుమారు 350 మంది ఆర్మేనియన్లను ఇక్కడే పూడ్చారు. రాళ్ల మీద వాళ్ల అక్షరాలు చెక్కి ఉన్నాయి. ఎంత గుచ్చి చూసినా ఒక్క అక్షరం కూడా నాకు తెలియలేదు. మన ఓనమాలు కూడా ఎప్పుడైనా ఎవరికో ఇట్లాగే కనిపిస్తాయేమో అనుకున్నాను.

కోటలో ఉన్న సెయింట్ మేరీస్ చర్చి దీనికంటే పాతది. 1680లో ప్రార్థనలు మొదలైన ఆంగ్లికన్ చర్చి అది. ఫిరంగి గుండ్లకు కూలకుండా దాని పైకప్పును ఇటుకలతో కమానులా కట్టారు. అక్కడ ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతున్నాయి. రెండు చర్చిలకూ మేరీమాత పేరే. కానీ ఆర్మేనియన్ వీధిలో మామూలు ఆదివారం ప్రార్థన లేదు, ఎందుకంటే వచ్చేవాళ్లు లేరు. ఆదివారం గంటలు మాత్రం కొడతారు. కలకత్తాలోని ఆర్మేనియన్ చర్చి కమిటీ డబ్బు పంపి భవనాన్ని చూసుకుంటోంది.

ఆ జనం ఏమంత చిన్నవాళ్లు కాదు. పర్షియాలోని జుల్ఫా నుంచి పట్టు, రత్నాల వ్యాపారానికి వచ్చారు. సైదాపేట దగ్గర అడయారు మీద 1726లో మర్మలాంగ్ వంతెన కట్టించిన పెట్రస్ ఉస్కాన్ వాళ్లలోనివాడే. పరంగిమలై మెట్లు కూడా ఆయన చలవే. ఇప్పుడు ఆ వంతెన ఉన్న చోట మరైమలై అడిగళ్ వంతెన ఉంది. మనం బస్సులో రోజూ పోయే దారి! ఆయన 1751లో చనిపోతే వేపేరిలో పూడ్చారు.

అన్నిటికంటే నన్ను ఆపేసింది ఫాదర్ హరుత్యూన్ ష్మవోనియన్ సమాధి. 1794లో ఆయన ఈ చెన్నపట్నంలోనే 'అజ్దరార్' అనే పత్రిక అచ్చు వేశాడు. ప్రపంచంలోనే ఆర్మేనియన్ భాషలో మొదటి పత్రిక అది! 1796 వరకు 18 సంచికలు వచ్చాయి. సొంత దేశంలో కాదు, ఇక్కడ. మన కాశీనాథుని నాగేశ్వరరావు గారు కూడా ఆంధ్రపత్రికను 1908లో బొంబాయిలో మొదలుపెట్టి, 1914లో దినపత్రికగా మద్రాసు నుంచే నడిపారు. సొంత ఊరికి దూరంగా ఉన్నవాళ్లకే సొంత భాషలో చదవాలనే ఆకలి ఎక్కువేమో.

నాన్న చాలాసేపు ఆ రాయి దగ్గరే నిలబడ్డారు. తర్వాత, "మా కొట్లో తెలుగు ప్రూఫు దిద్దేది నేనొక్కణ్ణే. ముందు వారానికి పది తెలుగు శుభలేఖలు వచ్చేవి. ఇప్పుడు నెలకు రెండు వస్తే గొప్ప" అన్నారు.

ఆ మాట చెప్పిన నాన్నే వచ్చే జూన్‌లో తమ్ముణ్ణి ఇంగ్లీషు మీడియంలో వేద్దామంటున్నారు. అమ్మ వద్దంటోంది. నాన్నది తప్పని నేను అనలేను. రేపు ఉద్యోగం ఎట్లా అనే భయం ఆయనది. ఆర్మేనియన్లను కూడా ఎవరూ తరిమేయలేదు. వ్యాపారం ఎక్కడుంటే అక్కడికి పిల్లలు వెళ్లారు. ఏ ఒక్కరూ చర్చి మూయాలని అనుకుని ఉండరు.

కానీ ఒక తేడా ఉంది. భవనానికి దూరం నుంచి డబ్బు పంపవచ్చు, సున్నం వేయించవచ్చు, గంట కొట్టడానికి ఒక మనిషిని పెట్టవచ్చు. భాషకు అట్లా కుదరదు. దాన్ని జీతానికి మాట్లాడిపెట్టేవాళ్లు దొరకరు. ఇంట్లో, బడిలో, వీధిలో మనమే మాట్లాడాలి, మనమే చదవాలి.

ఈ ఏడు మా తరగతిలో మేం ఇరవై ఆరు మంది ఉన్నాం. తమ్ముడి ఈడు పిల్లలు పదకొండు మందే చేరారట. నేను ఇంట్లో అడిగింది ఒక్కటే. తమ్ముణ్ణి ఏ బడిలో వేసినా సరే, రోజూ రాత్రి వాడికి తెలుగు చదవడం, రాయడం నేను నేర్పిస్తాను, ఆ అరగంట టీవీ కట్టేయాలి. నాన్న సరేనన్నారు. బడి సంగతి ఇంకా తేలలేదు. తమ్ముడు మాత్రం 'ఋ' దగ్గర ఆగి ఉన్నాడు, అది కష్టంగా ఉందంటున్నాడు.