పప్పు ఉడకని ఊళ్లో మూడు రోజులు

"ఎండలు ముదరకముందే ఓ మూడు రోజులు ఊటీ వెళ్లొద్దామా?" అని మావారు అనగానే నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "అమ్మో, మళ్లీ పప్పు ఉడకబెట్టాలా!"

నవ్వకండి. దాని వెనక పదిహేనేళ్ల నాటి కథ ఉంది.

అప్పుడు మా నెల్లూరు నుంచి ఇంటిల్లిపాదీ మే నెలలో బయల్దేరాం. మా మామగారికి హోటల్ భోజనం పడదు. పడదంటే పడదు. అందుకని వంటగది ఉన్న కాటేజీ తీసుకున్నాం. బియ్యం, కందిపప్పు, చింతపండు, పోపుల డబ్బా అన్నీ సంచికెత్తి, కుక్కరు మాత్రం బరువని ఇంట్లో వదిలేశాం. రెండో రోజు పొద్దున్నే గిన్నెలో పప్పు పడేశాను. గంటయినా పలుకు పలుకుగానే ఉంది. "మీరు వెళ్లి సరస్సు చూసి రండి, ఈలోపు వంటవుతుంది" అని మావారినీ, పిల్లల్నీ, మామగారినీ పంపించేశాను. కూరలు తరుగుతూ అత్తయ్య నాకు తోడుండిపోయారు. వాళ్లు పడవెక్కి, గుర్రమెక్కి తిరిగొచ్చేసరికి కూడా మా పప్పు మెదగలేదు. ఆ ఫొటోలు ఇప్పటికీ ఆల్బంలో ఉన్నాయి. సరస్సు దగ్గర తీసిన వాటిలో ఒక్కదానిలోనూ అత్తయ్య లేరు, నేనూ లేను.

తప్పు పప్పుది కాదని తర్వాత తెలిసింది. ఊటీ సముద్ర మట్టానికి దాదాపు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తుకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. మన నెల్లూరులో 100 డిగ్రీల దగ్గర మరిగే నీళ్లు అక్కడ 92, 93 డిగ్రీలకే మరిగిపోతాయి. మంట ఎంత పెంచినా మూతలేని గిన్నెలో నీళ్ల వేడి అంతకు మించదు. ఇక కందిపప్పు ఎక్కడ ఉడుకుతుంది? కుక్కరు ఉంటే ఆ తిప్పలు ఉండేవి కావు.

ఈసారి ప్రయాణం మాట ఎత్తగానే అత్తయ్య, "నేనెందుకమ్మాయ్, ఇల్లు కనిపెట్టుకుని ఉంటాను, మీరిద్దరూ వెళ్లి రండి" అన్నారు. ఆవిడకి 72 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు. మామగారు పోయి నాలుగేళ్లయింది. తిరుపతి, శ్రీశైలం తప్ప సరదాకని ఎక్కడికీ వెళ్లిన మనిషి కాదు. సరేలే అనుకున్నాను. ఆ రాత్రి చూస్తే, పాత ఆల్బం ముందేసుకుని కూర్చున్నారు. "ఆ చెరువు నిజంగా ఇంత పెద్దదా?" అని అడిగారు. ఊటీ వెళ్లి వచ్చిన మనిషి అడిగిన ప్రశ్న అది! అప్పుడే నిశ్చయించుకున్నాను, ఈసారి ప్రయాణం అత్తయ్య కోసమని. ఆవిడ మోకాళ్లకు తగ్గట్టు అన్నీ ముందే ఆలోచించుకున్నాం. మీ ఇంట్లోనూ పెద్దవాళ్లుంటే పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ఎప్పుడు వెళ్లాలి?

మేము మార్చి ఎంచుకున్నాం. ఊటీలో జనం విరగబడేది ఏప్రిల్, మే నెలల్లోనే. మార్చిలో పగలు హాయిగా ఉంటుంది, రాత్రి మాత్రం 10 డిగ్రీల దాకా దిగుతుంది. ఒక్క మాట ముందే చెప్పాలి. పేరుపొందిన పూల ప్రదర్శన మే నెలలో జరుగుతుంది. తోటంతా పూలకుండీలతో నిండి ఉండాలనుకుంటే అప్పుడే వెళ్లాలి. తోపులాట లేకుండా, బెంచీ మీద కాళ్లు చాపుకుని కూర్చోవాలనుకుంటే మార్చే మేలు.

ఎలా వెళ్లాలి?

నెల్లూరు నుంచి చెన్నైకి, అక్కడ రాత్రి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి కొండ కింద మెట్టుపాళయంలో దిగుతాం. అక్కడి నుంచి ఊటీకి బొమ్మ రైలు. 46 కిలోమీటర్ల దారి. కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో పూర్తయింది. ఏటవాలు మరీ ఎక్కువగా ఉన్నచోట పట్టాల మధ్య పళ్ల కడ్డీ ఉంటుంది. ఇంజను పళ్లచక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

చూడముచ్చటైన రైలే గానీ, ఊటీ చేరడానికి ఐదు గంటలు పడుతుంది. సీట్లు ఇరుకు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అంతసేపు కష్టం. అందుకని కూనూరు దాకా టాక్సీలో వెళ్లి, మర్నాడు కూనూరు నుంచి ఊటీకి రైలెక్కుదామనుకున్నాం. గంటా, గంటంబావు ప్రయాణం. సరదా తీరుతుంది, కాళ్లూ పట్టెయ్యవు. టికెట్లు మాత్రం తేదీ అనుకోగానే కొనేయాలి.

నీలగిరికి కారులోనో టాక్సీలోనో వెళ్లేవాళ్లకి ఈ-పాస్ ఉండాలని మద్రాసు హైకోర్టు ఆదేశించింది. 2024 మే 7 నుంచి అది అమల్లోకి వచ్చింది. బయల్దేరే ముందు నిబంధనలు ఓసారి సరిచూసుకుని, మీ బండికి పాస్ ఎవరు తీసుకుంటారో డ్రైవరును ముందే అడగండి.

మూడు రోజులు ఇలా

మొదటి రోజు కూనూరు. ఊటీ కన్నా ఎత్తు తక్కువ, చలీ తక్కువే. రైలు ప్రయాణం అలసట తీరేదాకా పడుకుని, సాయంత్రం సిమ్స్ పార్కు చూస్తాం. 1874 నాటి తోట. అది లోయలోకి దిగుతూ ఉంటుంది, దిగితే మళ్లీ ఎక్కాలి. అందుకని పైనే నీడలో కూర్చుని చూడటమే మా పథకం.

రెండో రోజు బొమ్మ రైల్లో ఊటీ. మధ్యాహ్నం సరస్సు. కోయంబత్తూరు కలెక్టరుగా ఉన్న జాన్ సల్లివన్ 1820లలో తవ్వించిన చెరువు అది. తర్వాతి కాలంలో, మన నెల్లూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, వేసవి రాగానే దొరతనమంతా ఊటీకి తరలిపోయేది. పడవ ఎక్కడం ఈసారి తప్పనిసరి, ముందు అత్తయ్య, తర్వాత నేను! సాయంత్రం 1848లో మొదలైన ప్రభుత్వ బొటానికల్ గార్డెన్. కింద పచ్చిక బయలు చదునుగానే ఉంటుంది, పైకి ఎక్కక్కర్లేదు.

మూడో రోజు పొద్దున్నే, మబ్బు కమ్మకముందు దొడ్డబెట్ట. అంటే పెద్ద కొండ. మన 'దొడ్డ మనసు'లోని దొడ్డే. 2,637 మీటర్లతో నీలగిరుల్లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. మధ్యాహ్నం బజారులో నీలగిరి తైలం, టీ పొడి, వర్కీలు కొనుక్కుని, సాయంత్రానికి కొండ దిగి రాత్రి రైలు. మనం జలుబుకి రాసుకునే ఆ తైలం తీసే చెట్టు ఆ కొండలది కాదట. ఆస్ట్రేలియా నుంచి తెచ్చి నాటారట!

గది తీసుకునేటప్పుడు

ఫోన్లో ఈ నాలుగూ అడగండి. కింది అంతస్తులో గది ఉందా? వాకిట్లో మెట్లెన్ని? కూర్చునే మరుగుదొడ్డి ఉందా? వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయి? ఊటీలో ఇళ్లన్నీ వాలు మీదే. "రోడ్డు పక్కనే" అన్న గదికి నలభై మెట్లు ఉండొచ్చు.

సంచిలో ఏముండాలి?

స్వెటరు, శాలువా, మేజోళ్లు, జారని చెప్పులు. పెద్దవాళ్ల మందులు రెండు రోజులకి ఎక్కువే. నీలగిరి జిల్లాలో చిన్న ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం, స్టీలు సీసా పెట్టుకోండి. ఘాట్ రోడ్డు మలుపులకి కడుపులో తిప్పేవాళ్లు రెండు ఇడ్లీలతో సరిపెట్టుకుని, ఓ నిమ్మకాయ చేతిలో ఉంచుకుంటే మంచిది.

వంట? పొయ్యి వెలిగించేది లేదు. ఇడ్లీ, దోశ, భోజనం ఊటీలోనూ కూనూరులోనూ ఎక్కడైనా దొరుకుతాయి. మొదటి రాత్రి రైల్లోకి పులిహోర, ఆపైన కందిపొడి సీసా ఒక్కటి. గ్లాసు కందిపప్పు, పావు గ్లాసు శనగపప్పు, ఎనిమిది ఎండుమిరపకాయలు, చెంచా జీలకర్ర సన్నసెగ మీద దోరగా వేయించి, చల్లారాక ఉప్పు, నాలుగు వెల్లుల్లి రేకలు వేసి పొడి చేయండి. హోటల్లో వేడన్నం తెప్పించుకుని నెయ్యితో కలుపుకుంటే ఇంటి భోజనమే.

అత్తయ్య నెల రోజులుగా సాయంత్రం డాబా మీద నడుస్తున్నారు. మొదట రెండు చుట్లు, ఇప్పుడు పది. మొన్న సామాను సర్దుతుంటే ఆవిడ సంచిలో చీరల మధ్య చిన్న పొట్లం తగిలింది. విప్పి చూస్తే కందిపప్పు!

"ఇదేంటత్తయ్యా?" అన్నాను.

"అలవాటమ్మాయ్, చెయ్యి ఊరుకోలేదు" అని నవ్వి, తీసుకెళ్లి మళ్లీ డబ్బాలో పోసేశారు. పోసొచ్చి, "ఫొటో తీసేటప్పుడు మాత్రం నన్ను పిలవండర్రా" అన్నారు.