మూడో తాళంచెవి

మన ఇళ్ళలో తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో ఇంటిల్లిపాదికీ తెలిసి ఉంటుంది. మా మాతృమూర్తి కాలంలో అది ఆమె కొంగు ముడిలో ఉండేది. ఊరికి ప్రయాణమైతే ఎదురింటివారికి అప్పగించేవారు. తిరిగి వచ్చాక మొదట అడిగి తీసుకునేదీ దానినే. అద్దె ఇల్లు ఖాళీ చేసేవారు తాళంచెవిని యజమాని చేతిలో పెట్టిన తరువాతనే సామాను బండి కదిలేది. తాళంచెవికి బరువు ఉంది, చప్పుడు ఉంది. పోతే ఇల్లంతా వెతుకుతాము. దొరకకపోతే తాళమే మార్చేస్తాము.

గత సంవత్సరం అమెరికాలో మా అమ్మాయి ఇంట నాలుగు మాసాలు గడిపాము. టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాస్ నగరానికి ఉత్తరాన ఉన్న ప్లేనోలో వారి నివాసం. ఆ నాలుగు మాసాలలో ఆ ఇంటి ముఖద్వారం తాళంచెవి ఎలా ఉంటుందో మేము చూడలేదు. చూడవలసిన అవసరమే రాలేదు. అక్కడి పాత పేటలలో చాలా ఇళ్ళ గ్యారేజీలు వీధి వైపునకు కాక ఇంటి వెనుక సందులోకి తెరుచుకుంటాయి. కారు సందులోకి మళ్ళగానే మా అల్లుడు అద్దం అడుగున ఉన్న చిన్న బటను నొక్కేవారు. పదహారు అడుగుల వెడల్పున్న తలుపు పలకలు పలకలుగా వంగుతూ పైకి పోయి కప్పు కింద పడుకునేది. కారు లోపలికి పోయేది, తలుపు కిందికి దిగేది. అక్కడి నుంచి ఒక చిన్న తలుపు దాటితే వంటగది. ఇరుగుపొరుగు వారి ముఖాలు కనిపించకుండానే వారాలు గడిచిపోయే ఏర్పాటు ఇది. అది మాకు అంతగా రుచించలేదు గానీ, జూలై ఎండలో మాత్రం దాని విలువ తెలిసివచ్చింది.

పైకి లేచే ఈ తలుపును సి.జి. జాన్సన్ అనే అమెరికన్ 1921లో రూపొందించారు; 1926లో దానికి విద్యుత్ మోటారు జతపడింది. చేతి రిమోట్లు తరువాతి కాలపు సదుపాయం. కారులోనే అమర్చి వచ్చే బటన్లు ఇంకా తరువాతివి. మిషిగన్ రాష్ట్రానికి చెందిన ప్రిన్స్ అనే సంస్థ ‘హోమ్‌లింక్’ పేరుతో వీటిని తయారుచేసింది. ఆ వ్యాపారం 1996లో జాన్సన్ కంట్రోల్స్ చేతికీ, 2013లో కారు అద్దాలకు పేరుపడిన జెన్‌టెక్స్ చేతికీ వెళ్ళింది. మన దేశంలో అమ్మే కార్లలో ఇది సాధారణంగా కనిపించదు. మన ఇళ్ళకు అటువంటి గ్యారేజీలూ తక్కువే.

బటన్లు సాధారణంగా మూడు ఉంటాయి. వెనుక చూసే అద్దం అడుగున గానీ, ఎండ పడకుండా దించుకునే పలక మీద గానీ, తల పైన కప్పుకు గానీ అమరుస్తారు. వాటికి ముందుగా ఏ ఇల్లూ తెలియదు, నేర్పాలి. ఇంటివారి చేతి రిమోట్‌ను ఒకటి నుంచి మూడు అంగుళాల దూరంలో పట్టుకొని రెండింటినీ కలిపి నొక్కితే కారు ఆ సంకేతాన్ని పట్టుకుంటుంది. కొత్త తరహా మోటార్లకు ఇది చాలదు. నిచ్చెన వేసుకొని, కప్పుకు వేలాడే మోటారు పెట్టె మీది ‘లెర్న్’ బటను నొక్కి, అర నిమిషం లోపల కారులోకి వచ్చి మళ్ళీ నొక్కాలి. ఆ క్షణం నుంచి మోటారు ఆ కారును ఇంటి మనిషిగా లెక్కిస్తుంది. ‘నేర్పడం’ అనే మాట మాకు నచ్చింది. మదరసాలో ముప్పై ఏళ్ళుగా మేము చేస్తున్నదీ అదే. అయితే మా విద్యార్థులు ఇంత త్వరగా నేర్చుకోరు, ఇంత గట్టిగా గుర్తుంచుకోరు కూడా.

కొత్త మోటార్లకు ఈ రెండో మెట్టు ఎందుకు వచ్చిందో తెలుసుకోవడం అవసరం. పాత రిమోట్ల లోపల ఎనిమిది నుంచి పన్నెండు వరకు బుల్లి మీటలు ఉండేవి. వాటిని పైకీ కిందికీ జరిపి ఇంటి సంకేతం ఏర్పరచుకునేవారు. పన్నెండు మీటలు ఉన్నా మొత్తం కలయికలు 4,096 మాత్రమే. 2015లో సామీ కామ్కార్ అనే భద్రతా పరిశోధకుడు, పిల్లలు ఒకరికొకరు సందేశాలు పంపుకునే ఒక ఆటబొమ్మను కొద్దిగా మార్చి, అటువంటి తలుపులను పది సెకన్ల లోపలే తెరవవచ్చునని చూపించారు. ఆ పరికరానికి ఆయన పెట్టిన పేరు ‘ఓపెన్ సెసమీ’. మన ఇళ్ళలో పిల్లలు ‘ఖుల్ జా సిమ్ సిమ్’ అంటారే, అదే. (అరబీ చదివినవారిగా ఒక మాట చెప్పకుండా ఉండలేము: అలీబాబా కథ వెయ్యిన్నొక్క రాత్రుల పాత అరబీ ప్రతులలో లేదు. అలెప్పో నుంచి వచ్చిన హన్నా దియాబ్ చెప్పగా విని, 18వ శతాబ్దం ఆరంభంలో ఫ్రెంచి పండితుడు గాలాన్ తన సంపుటాలలో చేర్చారు.) ఆ గుహ తలుపు మాట వింటుందే గాని, పలికింది ఎవరని అడగదు. పాత గ్యారేజి తలుపులదీ అదే గుణం. 1990ల మధ్యకాలం నుంచి వచ్చిన మోటార్లలో నొక్కిన ప్రతిసారీ సంకేతం మారిపోతుంది. కాబట్టి దారిలో పొంచి ఉండి ఒక సంకేతాన్ని దొంగిలించి దాచుకున్నా, అది మరునాడు పనిచేయదు.

అయితే ఈ జాగ్రత్త అంతా సంకేతాన్ని దొంగిలించేవాడి గురించే. మనమే స్వయంగా తాళంచెవిని ఇతరుల చేతికి ఇచ్చివేస్తే ఆ యంత్రం ఏం చేయగలదు?

మా అల్లుడు ఆ కారును ఎనిమిది నెలల క్రితం, అదే సందులో ఆరిళ్ళ అవతల నివసించే ఒక కుటుంబం వద్ద కొన్నారు. వారు పద్ధతి గల మనుషులు. రెండు తాళంచెవులూ, మరమ్మతుల కాగితాలూ ఒక సంచిలో పెట్టి అందించారట. అల్లుడు మొదటి బటనుకు తమ గ్యారేజీని నేర్పుకొని, మిగతా రెండింటి జోలికి వెళ్ళలేదు. ఒక ఆదివారం ‘అస్ర్’ నమాజు అనంతరం మసీదు నుంచి వస్తున్నాము. పదమూడేళ్ళ మనవడు ముందు సీట్లో మా కోసం వివరిస్తున్నాడు: “నానా, ఇది మన ఇల్లు. ఇవి రెండూ ఖాళీ.” ఖాళీ అని చూపడానికే రెండోది నొక్కాడు. కుడి వైపున ఒక తలుపు పైకి లేచింది.

అది కారు అమ్మినవారి ఇల్లు.

అల్లుడు కారు ఆపారు. గ్యారేజీలో కార్లు లేవు. సైకిళ్ళు, బట్టలు ఉతికే యంత్రం, తాడు మీద ఆరవేసిన బట్టలు, గోడవారన పిల్లల బూట్లు కనిపించాయి. మేము ముఖం తిప్పుకున్నాము. ఇందుకు కారణం ఉంది. పరాయి ఇంటికి వెళ్ళినవారు తలుపుకు ఎదురుగా నిలబడక పక్కన నిలబడాలనీ, సలాము చెప్పి అనుమతి కోరాలనీ, మూడుసార్లు కోరినా జవాబు రాకపోతే తిరిగి వెళ్ళిపోవాలనీ మనకు నేర్పబడింది. హదీసు గ్రంథాలలో దీనికి ‘ఇస్తీజాన్’ పేరిట ప్రత్యేక అధ్యాయమే ఉన్నది. దానిని ప్రతి సంవత్సరమూ విద్యార్థులకు బోధిస్తాము. అనుమతి కోరేది చూపు కోసమేనని కూడా చెబుతాము. ఇక్కడ పిలుపు లేదు, సలాము లేదు. ఒక బాలుని వేలి కొసతో ఒక కుటుంబపు మరుగంతా తొలగిపోయింది.

అప్పుడు వచ్చిన చిక్కు ఏమిటంటే, తలుపు మూయడానికి కూడా అదే బటను నొక్కాలి. మనవడు వెంటనే చెయ్యి చాపాడు. అల్లుడు వారించి, “అబ్బాజీ, ఏం చేద్దాం?” అని మమ్ము అడిగారు. తెరిచి వదిలి వెళ్ళడం తగదు. తెలియక ఒకసారి నొక్కాము. తెలిసి రెండోసారి నొక్కే అధికారం మాకున్నదా? ఫోను ఉండగా ఇంత మీమాంస అక్కరలేదని పాఠకులు నవ్వవచ్చు. నిజమే, అల్లుడు ఫోను చేశారు. ఆ కుటుంబం శాన్ ఆంటోనియోలో ఉన్నది, మూడు రోజుల ప్రయాణమట. విషయం చెప్పగానే అవతల కొంతసేపు మాట లేదు. తరువాత ఆయన, “దయచేసి మూసివేయండి. వంటగదిలోకి పోయే తలుపుకు మేము తాళం వేయము” అన్నారు. కారు అమ్మేముందు అందులో నిలిచి ఉన్న తన ఫోను వివరాలనూ, చిరునామాలనూ ఆయన శ్రద్ధగా తుడిపివేశారట. ఈ బటను మాత్రం గుర్తుకు రాలేదట.

అనుమతి లభించిన తరువాత అల్లుడు నొక్కారు. తలుపు పూర్తిగా నేలను తాకేదాకా అక్కడే ఉన్నాము.

ఎనిమిది నెలలుగా వారి ఇంటి తాళంచెవి మా వారి కారులో ఉన్నది. ఇచ్చినవారికి ఇచ్చినట్లు తెలియదు, పుచ్చుకున్నవారికి పుచ్చుకున్నట్లు తెలియదు. అమానతుకు సంబంధించి చదివిన మసలాలు మనసులో తిప్పుకున్నాము గానీ, రెండు వైపులా తెలియని అమానతు వాటిలో ఒక్కటీ తారసపడలేదు. అదే కారు దూరపు ఊరికి పోయి ఉంటే ప్రమాదం స్వల్పమే, ఎందుకంటే ఆ బటను వినికిడి కొద్ది గజాల మేరకే. కానీ కారు కాగితాలలో, దారి చూపే యంత్రంలో పాత చిరునామా మిగిలి ఉంటే దూరం అడ్డు కాదు.

తుడిపివేసే విధానం నేర్పే విధానం కంటె సులువు. హోమ్‌లింక్ అమర్చిన అనేక కార్లలో, మూడింటిలో చివరి రెండు బటన్లను, అనగా మొదటిదానినీ మూడోదానినీ, ఒకేసారి అదిమి పట్టుకోవాలి. కొన్నింటిలో పది సెకన్లు, కొన్నింటిలో ఇరవై. పక్కన ఉన్న చిన్న దీపం గబగబా మెరిస్తే మూడు ఇళ్ళూ మరచిపోయినట్లు. ఆ సాయంత్రమే అల్లుడు అది చేసి, తమ గ్యారేజీని మళ్ళీ నేర్పుకున్నారు. ఆ కుటుంబం తిరిగి వచ్చాక వారి వైపు పనీ జరిగింది. మోటారు పెట్టె మీది ‘లెర్న్’ బటనును ఆరేడు సెకన్లు, దీపం ఆరిపోయేవరకు నొక్కి ఉంచితే చాలా మోటార్లు తమకు పరిచయమైన రిమోట్లన్నింటినీ మరచిపోతాయి. ఆ తరువాత సొంత కార్లను మాత్రమే తిరిగి నేర్పుకోవాలి. కారు అమ్మినా, అద్దె గడువు ముగిసి తిరిగి ఇచ్చినా, దొంగలు ఎత్తుకుపోయినా ఇంటి వైపున చేయవలసినది ఇదే. దొంగిలించబడిన కారులోని బటనును మనం తుడపలేము, కానీ మన మోటారు దానిని మరచిపోగలదు.

ఆ ఘటన తరువాత మా అమ్మాయి వంటగది తలుపుకు రాత్రిపూట తాళం వేయడం మొదలుపెట్టింది. కారును బయట నిలిపినప్పుడు తలుపులు తెరిచి ఉంచడం మానివేశారు. కొన్ని కార్లలో ఇంజను ఆపి ఉన్నా ఈ బటన్లు పనిచేస్తాయి కదా!

తలుపు తెరుచుకోవడమే కాదు, తెరుచుకోకపోవడమూ ప్రాణాల మీదికి తెస్తుంది. కిందికి దిగే తలుపుల కింద పిల్లలు చిక్కుకొని మరణించిన కారణంగా, 1993 నుంచి అక్కడ తయారయ్యే ప్రతి ఇంటి మోటారుకూ అడ్డు పసిగట్టే రక్షణ ఉండాలని చట్టం వచ్చింది. నేలకు ఆరంగుళాల లోపు ఎత్తులో రెండు వైపులా కనిపించే చిన్న కళ్ళు అందుకే. 2017లో ఉత్తర కాలిఫోర్నియా కార్చిచ్చులలో కరెంటు పోయి, గ్యారేజి తలుపు ఎత్తలేక కొందరు వృద్ధులు ప్రాణాలు కోల్పోయారు. ఆపైన ఆ రాష్ట్రంలో 2019 జూలై నుంచి అమ్మే మోటార్లకు బ్యాటరీ తప్పనిసరి చేశారు. కరెంటు లేనప్పుడు మోటారు నుంచి వేలాడే ఎర్ర తాడును లాగితే తలుపు మోటారు పట్టు నుంచి విడిపోతుంది, చేతితో ఎత్తవచ్చు. పగటిపూట ఇంట్లో ఒంటరిగా ఉండేది మా ఇంటివారే గనుక, ఆమె చేత ఆ తాడు రెండుసార్లు లాగించాము. స్ప్రింగులు బాగుంటే తలుపు అంత బరువనిపించదు. మొదటిసారి ఆమెకు నమ్మకం కుదరలేదు. రెండోసారి ఒంటి చేత్తో ఎత్తారు.

తిరుగు ప్రయాణానికి ముందు శుక్రవారం, జుమా నమాజు తరువాత మసీదు ఆవరణలో మన గుంటూరు, కర్నూలు, నిజామాబాదు ప్రాంతాల సోదరులు ఏడెనిమిది మంది కలిశారు. మాటల్లో ఈ సంగతి వచ్చింది. వారిలో నలుగురివి ఇతరుల నుంచి కొన్న కార్లే. వరుసగా నిలిపి ఉన్న ఆ కార్లలో కూర్చొని నలుగురూ చివరి రెండు బటన్లూ అదిమిపట్టి లెక్కపెట్టసాగారు. ముగ్గురి కార్లలో దీపం గబగబా మెరిసింది. నిజామాబాదు సోదరుని కారులో ఇరవై సెకన్లు దాటినా మెరవలేదు. కారు పుస్తకం ఇంట్లో ఉన్నదనీ, వెంటనే వెళ్ళి చూస్తాననీ చెప్పి, భోజనానికి కూడా ఆగకుండా ఆయన బయలుదేరారు.