ఉప్పెన నడిచిన దారిలో

పోయిన నవంబర్ చివర్లో ఓ ఆదివారం విజయవాడ నుంచి బైక్ మీద హంసలదీవి బయల్దేరా. కృష్ణా కరకట్ట మీదుగా పులిగడ్డ దాటితే దివిసీమే. అవనిగడ్డ, కోడూరు దాటాక ఊళ్లు పలచబడతాయి. రోడ్డుకి అటూ ఇటూ వరి చేలు, తర్వాత రొయ్యల చెరువులు, తుమ్మ కంపలు, ఎక్కడో ఓ తాటిచెట్టు. నేల ఎంత సమతలంగా ఉంటుందంటే, సముద్రానికి అడ్డం పడే మిట్ట ఒక్కటీ కనిపించదు.

అక్కడికి దగ్గర్లోని పల్లెలో అమ్మకి వరసకి అన్నయ్య ఉంటాడు. మావయ్య ఇంటి అరుగు మీద కూర్చుని టీ తాగుతుంటే ఫోన్ మోగింది. చూసి పక్కకి తోసేశా.

"ఏంట్రా అది?"

"వర్షం మెసేజ్‌లే మావయ్యా. రోజూ వస్తూనే ఉంటాయి."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు.

1977 నవంబర్ 19, శనివారం. ఆయనకప్పుడు పన్నెండేళ్లు. "తుఫానని ఎవరో రేడియోలో విన్నార్రా. మా నాన్న, ఏటా వచ్చేదేగా అన్నాడు. గాలికి కప్పు ఎగిరిపోతే మళ్లీ కప్పుకోవచ్చులే అనుకున్నాం. నీళ్లొస్తాయని ఎవరికి తెలుసు?"

దివిసీమని ఎక్కువగా ముంచింది గాలి కాదు, నీళ్లు. తుఫాను గాలి సముద్రాన్ని ఒడ్డు వైపు తోస్తుంది. తీరం దగ్గర లోతు తక్కువ కాబట్టి ఆ నీళ్లకి పోయే దారి లేక పైకి లేస్తాయి. ఆ సాయంత్రం దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచి, పల్లపు నేల మీద కిలోమీటర్ల కొద్దీ లోపలికొచ్చేశాయి. అధికారిక లెక్కల్లోనే పోయినవాళ్లు దాదాపు 10 వేల మంది.

మావయ్య తుమ్మ కంపలో చిక్కుకుని బతికాడు. మోచేతుల మీద ముళ్ల గీతలు ఇప్పటికీ ఉన్నాయి. "చెల్లి చెయ్యి పట్టుకునే ఉన్నా. ఎక్కడ వదిలేశానో గుర్తు రాదురా." అంతే, ఆ మాట ఇంక పొడిగించలేదు.

1990 మేలో మరో భారీ తుఫాను ఇదే కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. పోయినవాళ్లు వెయ్యి లోపే. అదీ చిన్న సంఖ్యేం కాదు. కానీ ఈసారి ముందుగానే చెప్పారు, లక్షల మందిని ఇళ్లలోంచి కదిలించారు.

సాయంత్రం ఊరి తుఫాను షెల్టర్ చూపించాడు. స్తంభాల మీద కట్టిన భవనం, కింద ఖాళీ. నీళ్లొస్తే కిందనుంచి పోతాయి, మనుషులు పైన ఉంటారు. చూడ్డానికి అంత సింపుల్. కష్టమంతా ఇల్లు వదిలి ఆ మెట్లెక్కడంలోనే. గేదెలుంటాయి, పడవలుంటాయి, వేలు పోసి కొన్న వలలుంటాయి.

"గేదెల్ని ఏం చేస్తారు మావయ్యా?"

"పలుపు విప్పి వదిలేస్తాం. కట్టేసిపోతే ఉన్నచోటే మునిగి చస్తాయి. వదిలేస్తే మిట్ట వెతుక్కుంటాయి."

2023 డిసెంబర్‌లో మిచౌంగ్ వచ్చినప్పుడు రాత్రంతా ఇక్కడే ఉన్నార్ట. అది బాపట్ల దగ్గర తీరం దాటింది. వీళ్ల ఇళ్లలోకి నీళ్లు రాలేదు. "అనవసరంగా తీసుకొచ్చారు, నిద్ర పాడైంది అని కుర్రాళ్లు ఒకటే గొడవ," అని నవ్వాడు. "రాకపోతే మంచిదేగా! పోయిందేంటి, ఒక్క రాత్రి నిద్రేగా."

ఇంటికొచ్చాక అడిగాడు. "ఇందాకటి మెసేజ్ ఏదిరా, చదువు."

వెతికి తీశా. మా జిల్లాకే. రాత్రికి ఉరుములతో వాన పడొచ్చని ఉంది. ఆయన లేచి లుంగీ ఎగ్గట్టాడు. రోడ్డు పక్కన ఆరబోసిన ధాన్యాన్ని ఇద్దరం పారలతో కుప్ప చేసి, పట్టా కప్పి, చుట్టూ రాళ్లు పెట్టాం. గంటన్నర పట్టింది. నా చేతులు బొబ్బలెక్కాయి.

ఆ రాత్రి ఒక్క చినుకు కూడా పడలేదు. పొద్దున్నే మావయ్య ఏమీ అనకుండా పట్టా తీసి, ధాన్యం మళ్లీ ఆరబోసుకున్నాడు.