కప్ప వినిపించని రికార్డింగు

2000 ఒలింపిక్స్‌కి సిడ్నీలో టెన్నిస్ కోర్టులు కట్టాలనుకున్న, ఇటుకల కోసం మట్టి తవ్విన పాత గుంతలో ఒక అరుదైన కప్ప కనిపించింది. కోర్టుల్నే వేరే చోటికి జరిపారు. ఆ కప్ప పేరు గ్రీన్ అండ్ గోల్డెన్ బెల్ ఫ్రాగ్. పచ్చటి ఒంటి మీద బంగారు మచ్చలు. 1970ల నుంచి తగ్గిపోతూ, ఒకప్పుడు తిరిగిన చోట్లలో తొంభై శాతం దాకా ఖాళీ చేసింది. చర్మానికి పట్టే కైట్రిడ్ ఫంగస్ ఒక కారణం. గంబూసియా ఇంకొకటి. దోమల కోసమని మన ఊళ్లలో మున్సిపాలిటీ వాళ్లు కుంటల్లో వదిలే చేపే. ఆస్ట్రేలియాలో దాన్ని 1920ల్లో వదిలారు, తోకకప్పల్ని మింగేస్తుంది.

మేముండేది పశ్చిమ సిడ్నీలో, తెలుగువాళ్లు బాగా ఉన్న పేటలో. వానపడ్డ రాత్రి మా అబ్బాయీ నేనూ కాలనీ వెనక వాననీటి చెరువు దగ్గరికి వెళ్తాం. ఆస్ట్రేలియన్ మ్యూజియం 2017లో తెచ్చిన ఫ్రాగ్ ఐడీ యాప్‌లో ఇరవై నుంచి అరవై సెకన్లు అరుపులు రికార్డు చేస్తే చాలు. మ్యూజియంలో తెలిసినవాళ్లు విని, ఏ కప్పో చెప్తారు. ఆ పని మనిషి చెవికే అప్పగించడం నాకెంతో నచ్చింది.

బెల్ ఫ్రాగ్ అరుపు గేర్లు మారుస్తూ మెట్ట ఎక్కే బైకులా ఉంటుంది. మా చెరువు దగ్గర అది వినిపించలేదు. స్ట్రైప్డ్ మార్ష్ ఫ్రాగ్ మాత్రం గడ్డి దుబ్బుల్లోంచి ‘టక్... టక్’ మంటుంది.

“మన కప్ప లేదు కదమ్మా, ఇంకెందుకు పంపడం?” అన్నాడు వాడు.

అసలు సంగతి అక్కడే ఉంది. ఇలాంటి రికార్డింగుల్లో కప్ప దొరికిన చోట్ల వాన, వేడి, నీటి వసతి చూసి, అలాంటి నేల ఇంకెక్కడుందో లెక్కగట్టి పరిశోధకులు పటం గీస్తారు. కానీ జనం రికార్డు చేసేది తాము తిరిగే చోట్లనే. పార్కుల్లో చుక్కలు గుంపుగా పడతాయి, ఫ్యాక్టరీ వెనక కాల్వ ఖాళీగా మిగిలిపోతుంది. అక్కడ కప్ప లేదా, మనిషే పోలేదా? వేరే కప్పల అరుపు ఒక్కటి అక్కణ్ణుంచి వెళ్తే, ఎవరో వెళ్లి విన్నారని తెలుస్తుంది. ఒక్క రాత్రితో లేదని తేలదు. అరిచేది మగవి, అవీ వెచ్చటి నెలల్లో. మళ్లీ మళ్లీ వెళ్లాలి.

పైగా ఈ కప్ప అడవుల్నే నమ్ముకున్నది కాదు. ఇటుకల గుంతలు, మురుగు కాల్వలు, పాడుబడ్డ ఫ్యాక్టరీల మడుగులు... అంటే మా వైపు నేలే. నల్ల రంగేసిన ఇటుకల్ని ఎండలో పెడితే, వాటి కన్నాల్లో దూరి ఆ వేడికి ఈ కప్పలు ఫంగస్ వదిలించుకుంటాయని మాక్వారీ యూనివర్సిటీ పరిశోధకులు 2024లో చూపించారు. ఆ ఇటుకలు ఎక్కడ పేర్చాలో తెలియాలంటే పటం సరిగా ఉండాలి.

ఏటా నవంబరులో ఫ్రాగ్ ఐడీ వారం వస్తుంది. ఈసారి మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఇంటికొక నీటి గుంట పంచుతున్నాను. గోదాముల వెనక కాల్వ ఇంకా ఎవరూ తీసుకోలేదు.