సన్నతీగ నేర్పిన పాఠం

పిల్లలూ,

నేను ముప్పై ఏళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరయినవాణ్ణి. ఓమ్ సూత్రాన్ని నల్లబల్ల మీద ఎన్ని వందలసార్లు రాశానో లెక్కలేదు. అటువంటి నేను ఒకనాడు ఆ సూత్రాన్నే మరిచిపోయి, మా ఇంట్లో ఒక తీగను మాడ్చాను. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. అయినా చెబుతున్నాను. ఎందుకంటే నా తప్పును ముందే పసిగట్టినది పదో తరగతి చదివే మా మనవరాలు.

మాది రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం. మా ఇంటి పక్కన మూడంతస్తుల మేడ లేచిన తరువాత మా పెరట్లోకి ఎండ రావటం మానేసింది. తొట్లలో పోసిన టమాటా నారు వెలుతురు కోసం సన్నగా, పొడుగ్గా సాగి, నిలబడలేక పడిపోయేది. మా మనవరాలు అది చూసి, "తాతా, ఎండ రాకపోతే దీపం పెడదాం," అన్నది.

మొక్కలకు దీపమేమిటని మీరు నవ్వకండి. ఆకు ఆహారం తయారు చేసుకోవటానికి ఎరుపు, నీలం వెలుగులను ఎక్కువగా వాడుకుంటుంది. ఆకుపచ్చ వెలుగును కొంత తిప్పి పంపేస్తుంది. అందుకే అది మన కంటికి పచ్చగా కనిపిస్తుంది. ఎరుపు, నీలం రంగుల ఎల్‌ఇడి దీపాలు అంటించిన పట్టీలు బజారులో దొరుకుతాయి. మేము 36 వాట్ల పట్టీ, అది వెలగటానికి 12 వోల్టుల అడాప్టరు తెచ్చాము. పట్టీని ఒక అల్యూమినియం రేకుకు అంటించి, వెనక గదిలో నారు తొట్ల పైన వేలాడదీశాము. ప్లగ్గు పాయింటు ముందు గదిలో ఉంది. అక్కడి నుంచి తొట్లకు నాలుగు మీటర్ల దూరం.

ఇక తీగ కావాలి. నా పాత పెట్టెలో, కాలింగు బెల్లు పెట్టినప్పుడు మిగిలిన జంటతీగ పది మీటర్ల చుట్ట ఉంది. నేను దాన్నే తీసి ఇచ్చాను. పిల్ల దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, "తాతా, వోల్టులు తక్కువైతే ఆంపియర్లు ఎక్కువ కావాలి గదా? ఈ సన్నతీగ చాలుతుందా?" అని అడిగింది.

"పన్నెండు వోల్టులేనమ్మా! ముట్టుకున్నా షాకు కొట్టదు. దానికి లావు తీగ దేనికి?" అన్నాను. ఆ పిల్ల మరి మాట్లాడలేదు.

తీగను కత్తిరించటం ఎందుకు, ఎప్పటికైనా పనికి వస్తుందని, మిగిలిన ఆరు మీటర్లను చుట్టచుట్టి తొట్టి వెనక పెట్టాను. దాని మీద గోనెసంచి కప్పాను. దీపం వెలిగించాము. ఎర్ర దీపాలు బాగానే వెలిగాయి గాని, నీలం దీపాలు మిణుకుమిణుకుమన్నాయి. పట్టీ మంచిది కాదు కాబోలు అనుకున్నాను.

ఆ రాత్రి పదకొండు గంటలకు మా ఇంటావిడ నన్ను లేపి, "ఏదో కాలిన వాసన వస్తున్నది, లేవండి!" అన్నది. వెళ్లి స్విచ్చి కట్టేసి గోనెసంచి ఎత్తి చూస్తే, తీగచుట్ట ముట్టుకోలేనంత వేడిగా ఉంది. పైతొడుగు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుపోయింది. మరికొంతసేపు ఎవరూ లేవకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడదడలాడుతుంది. ఆ పక్క గదిలోనే పిల్ల నిద్రపోతున్నది.

తెల్లవారి ఇద్దరం కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాము. నేను చెప్పవలసిన పాఠం ఆ పిల్లే నాకు చెప్పింది.

మా ఊరి పెద్ద చెరువును మనసులో పెట్టుకోండి. నీరు బాగా ఎత్తునుంచి పడితే, కొద్ది నీరే చక్రాన్ని గిర్రున తిప్పుతుంది. తక్కువ ఎత్తునుంచి పడితే, అదే పనికి బోలెడు నీరు కావాలి. బోలెడు నీరు పారాలంటే కాలువ వెడల్పుగా ఉండాలి. ఎత్తు వోల్టు వంటిది, పారే నీరు ఆంపియరు వంటిది, కాలువ తీగ వంటిది. 36 వాట్లకు 230 వోల్టుల మీద సుమారు 0.16 ఆంపియరు చాలు. 12 వోల్టుల మీద అయితే 36ను 12తో భాగించండి: 3 ఆంపియర్లు! పద్దెనిమిది, పందొమ్మిది రెట్లు ఎక్కువ. నేనేమో వోల్టులను చూసి తీగను ఎంచాను. తీగను ఎంచవలసినది ఆంపియర్లను చూసి.

ఈ లెక్కకు మూలమైన గియోర్గ్ ఓమ్ కూడా నావంటి బడిపంతులే. జర్మనీలోని కొలోన్ నగరంలో పాఠాలు చెప్పుకుంటూ, పొడుగులు, లావులు వేరువేరైన తీగలలో కరెంటు ఎలా పారుతుందో కొలిచి చూశాడు. 1827లో ఆ సంగతులన్నీ పుస్తకంగా వేశాడు. తీగ పొడుగైన కొద్దీ కరెంటుకు అడ్డు పెరుగుతుంది, లావైన కొద్దీ తగ్గుతుంది.

మా బెల్లు తీగలో రాగిని అడ్డంగా కోస్తే దాని ముఖం 0.2 చదరపు మిల్లీమీటరు ఉంటుంది. తీగ పది మీటర్లయినా, కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి. కాబట్టి మొత్తం ఇరవై మీటర్లు. దాని నిరోధం సుమారు 1.75 ఓములు. కాలని ముక్కలతో తీగను మళ్లీ కలిపి, ఒక్క నిమిషం దీపం వెలిగించి కొలిచి చూస్తే, 12 ఉండవలసిన చోట పట్టీ దగ్గర 9 వోల్టులే ఉన్నాయి! మూడు వోల్టులు దారిలోనే వేడిగా మారి పోయాయి. నీలం దీపానికి ఒక్కొక్కదానికి దాదాపు 3 వోల్టులు కావాలి, అవి మూడేసి వరసగా ఉంటాయి. ఎరుపుకు 2 వోల్టులు చాలు. అందుకే ఎరుపు వెలిగింది, నీలం మసకబారింది. పట్టీ తప్పేమీ లేదు. దీపం మసకబారి నాకు సంగతి చెబుతూనే ఉంది, నేనే వినలేదు.

పైగా కరెంటు రెట్టింపయితే తీగలో వేడి నాలుగింతలవుతుంది. చాచి ఉన్న తీగ ఆ వేడిని గాలికి వదిలేస్తుంది. చుట్టచుట్టి గోనె కప్పితే వేడి ఎక్కడికి పోతుంది?

అప్పుడు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ, సరిగ్గా నాలుగు మీటర్లు తెచ్చాము. దానిలో రానుపోను నిరోధం సుమారు 0.11 ఓము. మూడు ఆంపియర్లు పారినా పోయేది వోల్టులో మూడోవంతే. దీపం వెలిగించగానే నీలం దీపాలు కళకళలాడాయి. అరగంట తరువాత తీగను తాకి చూస్తే చల్లగా ఉంది.

మీరు కూడా ఇటువంటి దీపం చేసుకోదలిస్తే నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. వాట్లను వోల్టులతో భాగించి ఆంపియర్లు కట్టండి. దూరాన్ని రానుపోను రెట్టింపు చేసి లెక్కించండి. మిగిలిన తీగను చుట్టచుట్టకుండా కత్తిరించండి. అడాప్టరు పక్కనే, తీగ ఓర్చుకునేంతలోపు ఫ్యూజు ఒకటి పెట్టండి. మా దానికి 5 ఆంపియర్లది పెట్టాము. తీగ పైతొడుగు మీద లావు ఎంతో అచ్చువేసి ఉంటుంది, చదివి కొనండి. గోడలోని 230 వోల్టుల పని మాత్రం మీరు ముట్టకూడదు. అది తెలిసిన ఎలక్ట్రీషియను చేయవలసిన పని.

పెద్దలకు కూడా ఒక మాట. ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు రెండు నిమిషాలు కూర్చుని భాగహారం చేసి ఉంటే, అంతా అప్పుడే తేలిపోయేది. నేను జవాబు చెప్పలేదు, నోరు మూయించాను. మరునాడు, "నీవు అడిగినదే సరి అమ్మా, తప్పు నాది," అని చెప్పాను. పిల్ల నవ్వి, "తాతా, కొత్త తీగ చల్లగా ఉంది గదా, ఇక పడుకో," అన్నది.

ఇప్పుడు మా టమాటా నారు పొట్టిగా, లావుగా, నిటారుగా నిలబడి ఉన్నది. మాడిన ఆ తీగచుట్టను మాత్రం నేను పారవేయలేదు. నా బల్ల మీద, కళ్లజోడు పక్కన పెట్టుకున్నాను.